క్యాలరీల లెక్క లేకుండా బరువు అదుపులో పెట్టుకోవడం: బియ్యం బస్తా, నూనె డబ్బా, బొందు ముడి

నా బరువు పెరుగుతోందని నాకు ముందు చెప్పింది వేయింగ్ మెషిన్ కాదండి, లంగా బొందు. ముడి వేశాక జానెడు కొస మిగిలేది కాస్తా బెత్తెడైంది, తర్వాత వేలెడైంది, ఆ తర్వాత కొత్త బొందు ఎక్కించుకున్నా గానీ ఎందుకు చాలట్లేదో కూర్చుని ఆలోచించలేదు. మావారికి మొలతాడు. కొత్తది కట్టుకున్నప్పుడల్లా ఇంకాస్త పొడుగుది కావాల్సొస్తోంది, స్నానం చేసొచ్చాక చూస్తే నడుము చుట్టూ గీత పడి ఉంటోంది. ఈ రెండూ మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్న కొలతలే, రోజూ కట్టుకుంటాం, రోజూ విప్పుతాం, చూడటం మాత్రం మర్చిపోయాం.

నాకిప్పుడు 45 ఏళ్ళు, ఎత్తు 160 సెంటీమీటర్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, ఇంట్లో అత్తయ్య, మావారు, ఇద్దరు పిల్లలు, నేను మొత్తం ఐదుగురం. 71 కేజీల దగ్గర్నుంచి ఏడాదిన్నరకి 61కి వచ్చా, నాలుగేళ్ళుగా 60, 62 మధ్యే ఉన్నా. తగ్గడం కంటే ఈ నాలుగేళ్ళు నిలబడటమే నాకు ముఖ్యం, ఎందుకంటే తగ్గడం అంతకుముందు కూడా తగ్గా, నిలవలేదు.

ముందోసారి ఎవరో చెప్పారని అన్నం పూర్తిగా మానేసి సూపులు, జ్యూసులతో రెండు నెలలున్నా. ఎనిమిది కేజీలు తగ్గా, అందరూ మెచ్చుకున్నారు, జుట్టు ఊడింది, మెట్లెక్కితే కాళ్ళు వణికేవి, ఆర్నెల్లకి ఎనిమిదికి తొమ్మిది కేజీలు తిరిగొచ్చాయి. తర్వాత ఫోన్‌లో క్యాలరీల యాప్ పెట్టుకున్నా. అందులో దాల్ ఒక బౌల్ అని ఉంటుంది. మన తోటకూర పప్పులో పప్పెంత ఆకెంత, పోపులో నూనె ఎంత, బౌల్ అంటే ఎవరింట్లో బౌల్? ములక్కాడ జీడిపప్పు కూర ఐదుగురికి ఒకే గిన్నెలో వండితే నా వాటాకి ఎన్ని జీడిపప్పులు వచ్చాయని రాసుకోవాలి? రెండు వారాలు ప్రతి పూటా కంచం ముందు ఫోన్ పట్టుకుని కూర్చున్నా. ఓ రోజు మా అమ్మాయి, అప్పటికి దానికి పన్నెండేళ్ళు, అమ్మా నేను కూడా రాసుకోవాలా అని అడిగింది. ఆ రాత్రే యాప్ తీసేశా. ఎదిగే పిల్ల తిండిని చూసి భయపడటం నేర్చుకుంటే నా పది కేజీలు తగ్గి ఎవరికి లాభం.

అప్పుడు పూటపూటకీ లెక్కలు మానేసి, నెలకొకసారి రాసే సరుకుల లిస్టు చూడటం మొదలుపెట్టా. ఇంట్లోకి వచ్చిందే కడుపులోకి వెళ్తుంది కదా. మీరూ ఇక్కడే మొదలుపెట్టండి: 25 కేజీల బస్తా మీ ఇంట్లో ఎన్ని రోజులొస్తోంది, నెలకి ఎన్ని లీటర్ల నూనె, ఎన్ని కేజీల పంచదార, ఎన్ని కేజీల పప్పులు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీదో అల్మారా తలుపు మీదో అంటించండి. కూరగాయలు కూడా రాస్తే మంచిదే గానీ రోజూ కొనేవి కాబట్టి గుర్తుండవు.

ఎంత ఉండాలి అంటే, మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు. 2000 క్యాలరీలు సరిపోయే మనిషికి రోజంతటికీ కలిపి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ 400, పళ్ళు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, పల్లీలూ బాదం లాంటివి 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. పంచదార రోజుకి 25 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు దాటొద్దన్నారు. ఈ లెక్క వాళ్ళు కట్టేశారు, మనం మళ్ళీ పూటపూటకీ కట్టక్కర్లేదు, నెలకి ఎంతవుతుందో ఒక్కసారి చూసుకుంటే చాలు. నలుగురున్న ఇంట్లో నూనె నెలకి మూడున్నర లీటర్లవుతుంది, బియ్యం, గోధుమపిండి, రవ్వలు, అటుకులు అన్నీ కలిపి 30 కేజీలు. కూర్చుని ఉద్యోగం చేసే నాలాంటి ఆడవాళ్ళకి 2000 కూడా ఎక్కువే, కాబట్టి ఇంకాస్త తక్కువలో ఉంటే మంచిది.

మా ఇంట్లో అప్పుడు ఐదుగురికి నూనె ఆరు లీటర్లు, అంటే మనిషికి రోజుకి 36 గ్రాముల పైనే, పైగా అందులో నెయ్యి లేదు, బయట తిన్నది లేదు. పప్పులన్నీ కలిపి నెలకి నాలుగు కేజీలు, అంటే మనిషికి రోజుకి 30 గ్రాములు కూడా లేవు. రోజూ పప్పు తింటాం కదా, పప్పుకేం తక్కువ అనుకునేదాన్ని. కందిపప్పు చిన్న గ్లాసుడు వేసి ఐదుగురికి సరిపెడితే కంచంలోకి వచ్చేది పప్పు రుచి, అంతే. ఆకలి తీరక ఆ లోటంతా అన్నంతో నింపుకుంటున్నాం. నా బరువు సంగతి నాకు అర్థమైంది అక్కడే.

ఇక అన్నం. అన్నం మానక్కర్లేదు, నేను మానలేదు. కానీ మనం తినే పద్ధతి ఒకసారి చూడండి. పచ్చడితో రెండు ముద్దలు, పప్పులో నెయ్యేసుకుని కొంచెం, కూరతో కొంచెం, సాంబారో పులుసో ఉంటే దానికి కొంచెం, చారులోకి కొంచెం, చివర్లో పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టే ఉండదు. ప్రతి వంటకానికీ మళ్ళీ అన్నం గిన్నె దగ్గరికి వెళ్తాం. ప్రతిసారీ కొంచెమే, కానీ అలా ఐదారుసార్లు. రోటీ తినేవాళ్ళు ఎన్ని తిన్నారో చెప్పగలరు, మనల్ని ఎంత అన్నం తిన్నావని అడిగితే చెప్పలేం, ఎందుకంటే అది కుప్పగా ఒక్కసారి కనపడదు.

దీనికి నేను చేసింది ఒక్కటే. అన్నం మొత్తం మొదట్లోనే ఒక్కసారి పెట్టేసుకోవడం, కంచంలో పావు భాగానికి మించకుండా, మా అన్నం హస్తంతో నాకు ఒకటిన్నర. అదే పచ్చడికి, అదే పప్పుకి, అదే పెరుగుకి. మారు అన్నం లేదు, కూర మారు ఎంతైనా వేసుకోవచ్చు. అన్నం ఇంతే అని తెలిసినప్పుడు చేతులు వాటంతట అవే పప్పు ఎక్కువ కలుపుతాయి, ఇది నిజంగా జరుగుతుంది, చేసి చూడండి. చారుని గ్లాసులో పోసుకుని తాగేస్తా, అన్నం అక్కర్లేదు. పెరుగు ఉత్తదే గిన్నెలో తింటా, లేదా మజ్జిగ. పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టనివాళ్ళు నాలుగు ముద్దలు దానికోసమే అట్టిపెట్టుకుని మిగతావాటి దగ్గర తగ్గించుకోండి, మా అత్తయ్య అలాగే చేస్తారు.

అత్తయ్యతో మొదట్లో కష్టమైంది. కొసరి కొసరి వడ్డించడం ఆవిడకి ప్రేమ, కంచంలో అన్నం తక్కువ కనపడితే ఆవిడకి మనసొప్పదు. "అదేం తిండమ్మా, పిట్ట తిన్నట్టు" అనేవారు. వాదించలేదు. "అత్తయ్యా, ఇవాళ కూర బాగా కుదిరింది, కూరే ఇంకో గరిటె వేయండి" అనేదాన్ని. వడ్డించే చెయ్యి ఆగక్కర్లేదు, గరిటె అన్నం గిన్నెలోంచి కూర గిన్నెలోకి మారితే చాలు. ఇప్పుడు ఆవిడే అందరికీ ముందు కూర వడ్డించి తర్వాత అన్నం పెడుతున్నారు. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో వండే మనిషీ వడ్డించే మనిషీ మనవైపు లేకుండా ఏదీ కుదరదు, ముందు వాళ్ళకి చెప్పండి.

కూర రెండింతలు తినాలంటే కూర రెండింతలు వండాలి, అది కూడా నూనెలో తేలే కూర కాకుండా. దొండకాయ, బెండకాయ, వంకాయ వేపుళ్ళు నూనె ఎంత పోస్తే అంత తాగుతాయి. దొండకాయని ముందు ఆవిరి మీద మగ్గించి తర్వాత పోపులో వేస్తే మూడోవంతు నూనె సరిపోతుంది, చివర్లో పల్లీల పొడో కొబ్బరి కారమో చల్లితే వేపుడు కాదన్న సంగతి పిల్లలు కూడా పట్టుకోలేదు. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ లాంటివాటిలో నీళ్ళుంటాయి కాబట్టి మూత పెడితే వాటి నీళ్ళతోనే ఉడుకుతాయి, పాలు పోసో పెసరపప్పు వేసో వండుకుంటే రుచికి లోటుండదు. గోరుచిక్కుడు, క్యాబేజీ ఉడికించి కొబ్బరి కోరు వేస్తే చాలు. బంగాళాదుంప, చేమదుంప, కంద మాత్రం కూరల లెక్కలో వేయకండి, అవి కూడా పిండి పదార్థమే, అన్నంలో ఆలూ వేపుడు కలుపుకుంటే పిండిలో పిండి కలుపుకున్నట్టు. మాకు వారానికోసారి, ఆ రోజు అన్నం ఇంకో అర హస్తం తక్కువ.

నూనె సీసాతో పోయడం మానేయండి. స్టీలు గిన్నెలో పోసుకుని టీ స్పూన్ వేసి ఉంచండి, స్పూన్‌తో మాత్రమే తీయండి. సీసా వంచితే ఎంత పడిందో తెలియదు, స్పూన్ అయితే తెలుస్తుంది, అంతకన్నా దీనిలో శాస్త్రం ఏమీ లేదు. నెల మొదట్లో నాలుగు లీటర్లు తెస్తా, అయిపోతే అయిపోయినట్టే. ఇరవై ఐదో తారీఖుకి డబ్బా అడుగుకి వస్తే ఆ నెల చివరి వారం ఇడ్లీలు, కుడుములు, ఆవిరి వంటలే. బజ్జీలు, పూరీలు వద్దనలేదు, పూరీ చేసుకున్న నూనె కూడా ఆ నాలుగు లీటర్లలోదే. ఇంకో సంగతి, వేయించగా మిగిలిన నూనె దాచిపెట్టి మళ్ళీ మళ్ళీ కాచడం ఒంటికి మంచిది కాదు, పారబోయడానికి మనసొప్పదు కాబట్టి మేం చిన్న మూకుడులో కొంచెం నూనెతో రెండేసి పూరీలు వేయించుకుంటాం.

పప్పు దగ్గర చెయ్యి బిగించకండి. మిగతావన్నీ తగ్గించమన్నా గానీ ఇది పెంచమంటున్నా. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, చికెన్, శనగలు ఇవి తిన్నప్పుడు కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది, పదకొండింటికి బిస్కెట్ ప్యాకెట్ వైపు చెయ్యి పోదు. పైగా ముప్పై దాటాక కండ కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది, అది నిలవాలంటే ప్రొటీన్ కావాలి. నేను ఆఫీసు డబ్బాలో అన్నం పట్టే పెద్ద గిన్నెలో కూర, కూర పట్టే చిన్న గిన్నెలో అన్నం పెట్టుకుంటున్నా, మూడో గిన్నెలో ముద్దపప్పో ఉడికించిన గుడ్డో. కలిసి తినే వాళ్ళు అడిగారు, చెప్పా, ఇప్పుడు ఇంకో ఇద్దరు అలాగే తెస్తున్నారు.

టిఫిన్ల విషయంలో మనం చాలా అదృష్టవంతులం, ఎందుకంటే మనకి పెసరట్టు ఉంది. పొట్టు పెసలు నానబెట్టి, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బి, స్పూన్ నూనెతో కాల్చుకుంటే అంతకన్నా మంచి పొద్దుటి తిండి నాకు తెలీదు. రెండు తింటే మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆకలి ఊసుండదు. లోపల ఉప్మా పెట్టకపోతే సరి, జీడిపప్పు ఉప్మా పెసరట్టు పండగ నాటికి ఉంచండి. ఇడ్లీ అయితే మూడు, కానీ పక్కన ముక్కలు బాగా ఉన్న సాంబారు గిన్నె నిండా. కొబ్బరి చట్నీతో ఆరు ఇడ్లీలు తిన్నా గంటన్నరకి మళ్ళీ ఆకలే. ఉప్మాలో రవ్వ గ్లాసుడైతే కూరముక్కలు రెండు గ్లాసులు వేయండి. రాయలసీమ వాళ్ళకి ఉగ్గాని, అదీ బొరుగులే కాబట్టి పక్కన బజ్జీ బదులు గుడ్డు పెట్టుకుంటే మేలు. తెలంగాణ ఇళ్ళల్లో జొన్నరొట్టె ఉంది, ఆకుకూర పప్పుతో రెండు రొట్టెలు తింటే రాత్రి భోజనం దివ్యంగా అయిపోతుంది.

సిరిధాన్యాల గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది మోసపోతున్నది ఇక్కడ. కొర్రలు, సామలు, రాగులు, జొన్నలు మంచివే, పీచు ఉంటుంది, నమిలి తినాలి, తొందరగా కడుపు నిండుతుంది. కానీ గ్రాముకి గ్రాము చూస్తే వాటిలో శక్తి దాదాపు బియ్యంలో ఉన్నంతే. కొర్రలు కదా అని రెండు కంచాలు, రాగి సంకటి కదా అని మూడు ముద్దలు తింటే బరువు తగ్గదు. కంచంలో అదే పావు భాగం వాటికీ వర్తిస్తుంది. కొర్రలతో చేసిన మిక్చర్, రాగి బిస్కెట్లు, బెల్లంతో చేసిన లడ్డూలు కూడా అంతే, బెల్లం కూడా చక్కెరే అండి, రంగు మారింది, కాస్త ఇనుము అవీ ఉంటాయి, బరువు విషయంలో రెండూ ఒకటే.

టీ. రోజుకి నాలుగు టీలు, రెండేసి స్పూన్లు అంటే ఎనిమిది స్పూన్ల పంచదార, ముప్పై ఐదు గ్రాముల పైచిలుకు, టీలోనే రోజు వాటా దాటిపోయింది. ఒక్కసారిగా మానేస్తే తల నొప్పి, చిరాకు, ఇంట్లో అందరికీ బాధ. నేను రెండు వారాలకోసారి పావు స్పూన్ తగ్గించుకుంటూ వచ్చా, మూడు నెలల్లో అర స్పూన్‌కి వచ్చా, ఇప్పుడు పెళ్ళిళ్ళల్లో టీ పాకంలా అనిపిస్తుంది. నాలుగు టీలని రెండు చేసుకున్నా. పక్కన బిస్కెట్లు తీసేసి ఏదైనా నమిలేది పెట్టుకున్నా, ఉడికించిన పల్లీలు గుప్పెడు, గుగ్గిళ్ళు, జామకాయ. గుగ్గిళ్ళని మీ ఊళ్ళో గుడాలంటారేమో, అవే.

సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా టైమే అన్నిటికన్నా గండం. మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్నది అరిగిపోయి ఉంటుంది, దార్లో మిర్చిబజ్జీల బండి వాసన, ఇంటికొచ్చేసరికి ఏది కనపడితే అది నోట్లోకి. దీన్ని మనోబలంతో గెలవాలనుకోవద్దు, ఆఫీసులో బయల్దేరే ముందే గుగ్గిళ్ళ డబ్బా ఖాళీ చేసి బయల్దేరండి. కడుపులో ఏదో ఒకటి పడ్డ మనిషి ఆ బండి దాటి వెళ్ళగలడు. వారానికోసారి ఆగి నాలుగు బజ్జీలు ప్లేట్లో పెట్టుకుని కూర్చుని తినండి, అది వేరే, ఇష్టంగా తింటాం, గుర్తుంటుంది.

ఇప్పుడు అమ్మలకి ప్రత్యేకంగా చెప్తున్నా. పిల్లలు కంచంలో వదిలేసిన అర దోసె, రెండు ముద్దల పప్పన్నం, గిన్నెలో అడుగున మిగిలిన పులిహోర, ఇవన్నీ ఎవరి కడుపులోకి వెళ్తున్నాయి? అన్నం పారేయకూడదని పెంచారు మనల్ని, ఆ పెంపకం తప్పు కాదు. కానీ మన కడుపు మిగిలినవి వేసుకునే డబ్బా కాదు, ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నా. పిల్లలకి మొదటే తక్కువ పెట్టి అడిగితే మళ్ళీ పెట్టండి. అన్నం వండేటప్పుడే పావు గ్లాసు తక్కువ పోయండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు ఎవరో ఒకరికి పోపన్నం అవుతుంది. నేను ఇదొక్కటి మానేసినందుకే మొదటి రెండు నెలల్లో రెండు కేజీలు తగ్గానని నా నమ్మకం. ఇంకోటి, అందరికీ వడ్డించి చివర్న మూడింటికి ఒంటరిగా తినే అలవాటు మానేయండి, అప్పటికి ఆకలి మీరిపోయి ఎంత తింటున్నామో తెలియదు. అందరితో కూర్చోండి. వడ్డన ఎవరికి వాళ్ళే చేసుకుంటారు.

నెమ్మదిగా తినడం గురించి అందరూ చెప్తారు, ఎలాగో చెప్పరు. కడుపు నిండిన కబురు మెదడుకి అందడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది, మనం పది నిమిషాల్లో తినేసి లేస్తాం. టీవీ, ఫోన్ పక్కన పెట్టి, ముద్ద మింగాకే తర్వాతి ముద్ద కలపండి, నోట్లో ముద్ద ఉండగా చేత్తో ఇంకోటి కలుపుతుంటాం కదా, అది ఆపితే చాలు, వేగం సగం తగ్గుతుంది.

నడక. రాత్రి తిన్నాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవండి, మేడ మీదో వీధి చివరి దాకానో, తిన్న తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగరకుండా ఉంటుంది. వారం మొత్తానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, రోజుకి ఇరవై రెండు నిమిషాలు కూడా పడదు. కానీ నడక ఒక్కటీ సరిపోదు, వారానికి రెండు రోజులైనా కండకి పని చెప్పాలి. జిమ్‌కి వెళ్ళే వీలు లేకపోతే గుంజీళ్ళు తీయండి. మొదట్లో కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు, తర్వాత కుర్చీ లేకుండా. గోడకి చేతులు ఆనించి దండీలు. పది లీటర్ల నీళ్ళ బకెట్ రెండు చేతులా మార్చి మార్చి మోయడం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు డాక్టర్నో ఫిజియోనో అడిగి చేయండి.

ఈ కండ గోల ఎందుకంటే మన ఒంటి తీరే అలాంటిది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో పక్కపక్కన వేశారు, పూణేకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క, ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. మనవాళ్ళు సన్నగా కనపడుతూనే లోపల కొవ్వుతో ఉండొచ్చన్నమాట, అదీ పొట్ట దగ్గర. అందుకే మనకి బీఎంఐ 23 దాటగానే ఎక్కువ బరువు కింద చూస్తారు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. అమెరికాలో, దుబాయ్‌లో ఉన్న మనవాళ్ళు అక్కడి మామూలు పట్టిక చూసి 24 అంటే నార్మలే అనుకుంటారు, ఒళ్ళు మాత్రం ఇక్కడిదే కదా.

టేప్ లేకపోతే దారంతో చూడండి. తల నుంచి మడమ దాకా మీ ఎత్తుకి సరిపడా దారం కత్తిరించి, దాన్ని సగానికి మడవండి. ఆ సగం మీ నడుము చుట్టూ వస్తే బాగున్నట్టు, అందకపోతే పొట్ట తగ్గించుకోవాలి. కొలిచేటప్పుడు పొట్ట లోపలికి పీల్చకూడదు, ఊపిరి మామూలుగా వదిలాక, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో కొలవాలి. నాకు 93 ఉండేది, ఇప్పుడు 81. దారం అందడానికి ఇంకో సెంటీమీటర్ ఉంది.

బరువు చూసుకుంటే వారానికి ఒక్కరోజే చూసుకోండి, ఆదివారం పొద్దున బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు. రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది, ముందురోజు ఆవకాయ, అప్పడాలు తింటే ఆ ఉప్పుకి నీళ్ళు పట్టి మర్నాడు కేజీ ఎక్కువ చూపిస్తుంది, నెలసరి ముందు కూడా అంతే. అది కొవ్వు కాదు. నెలకి నెల ఎటు పోతోందో అదే చూడాలి.

నిద్ర గురించి నేను చాలాకాలం పట్టించుకోలేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తే పదకొండున్నరకి ఆకలేస్తుంది, అప్పుడు ఎవరూ దోసకాయ తినరు. నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి పెంచే హార్మోన్ ఎక్కువగా, కడుపు నిండిందని చెప్పేది తక్కువగా ఉంటాయి, రోజంతా తీపి మీదకే మనసు పోతుంది. ఏడు గంటలు పడుకున్న రోజు అదే కంచం హాయిగా సరిపోతుంది నాకు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. షుగర్‌కి మందులో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, మందు డోసు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు తగ్గించే ప్రయత్నమే చేయొద్దు. ఏమీ మార్చకుండానే బరువు వేగంగా పెరిగినా, తగ్గినా టెస్టులు చేయించుకోండి, థైరాయిడ్ లాంటివి ఉంటే ఎన్ని గరిటెలు మార్చినా ఫలితం అంతంతమాత్రమే.

చివరిగా పండగలు, ఊరి ప్రయాణాలు. సంక్రాంతికి మా ఊరెళ్తే అరిసెలు, జంతికలు, సున్నుండలు, గారెలు, నాటుకోడి, ఐదు రోజులు అమ్మ చేతి వంట. అన్నీ తింటా, అమ్మ పెడితే వద్దనను. తిరిగొచ్చాక మాత్రం పస్తులుండను, ఎందుకంటే సోమవారం పస్తుంటే బుధవారానికి రెండింతలు తింటానని నాకు అనుభవమే. ఊరి నుంచి తెచ్చిన డబ్బాల్లో రోజుకి ఒక అరిసె భోజనం తర్వాత, మిగతావి పక్కింటి వాళ్ళకి, ఆఫీసుకి పంచేస్తా. వచ్చిన రోజు నుంచే మామూలు కంచం, ఒకటిన్నర హస్తం అన్నం, రాత్రి నడక. పది పదిహేను రోజులకి బొందు కొస మళ్ళీ జానెడు తేలుతుంది. తేలకపోతే ఆ నెల సరుకుల కాగితం తీసి నూనె ఎన్ని లీటర్లు రాసుందో చూస్తా.